మా పరకాలలో నడిమి ఇంటి ఆదాయం ఎంత?

తెలంగాణలో వరంగల్ వైపున్న పరకాల బస్టాండుకు దగ్గర్లో నాకు ఒక చిన్న జిరాక్స్ సెంటర్ ఉంది. బోర్డు మీద జిరాక్స్ అని ఉంటుంది గానీ అసలు పని ఫారాలు నింపడం. స్కాలర్‌షిప్పులు, రేషన్ కార్డులు, పింఛన్లు, బ్యాంకు లోన్లు, పిల్లల హాస్టల్ సీట్లు, ఏది వచ్చినా జనం ముందు నా దగ్గరికే వస్తారు. పన్నెండేళ్లుగా ఇదే పని. కాబట్టి "కుటుంబ వార్షిక ఆదాయం" అనే గడిని నేను చూసినన్ని సార్లు చూసినవాళ్లు ఈ మండలంలో పెద్దగా ఉండరు.

మొన్న ఆదివారం మా అన్న కూతురు టెక్సస్ నుంచి వీడియో కాల్ చేసింది. అక్కడ మాస్టర్స్ చదువుతోంది. ఏదో పల్లెటూరి కౌంటీ (మన జిల్లా లాంటిది) తీసుకుని, అక్కడి ఇళ్ల ఆదాయపు మధ్యగతం ఇరవై ఏళ్లలో ఎట్లా మారిందో లెక్కగట్టి చూపించాలట. పది నిమిషాల్లో డేటా దొరికింది, గ్రాఫ్ గీసేసింది. ఇక ఊరుకోకుండా, "అత్తమ్మా, మన పరకాలది ఎంత? మనది కూడా పక్కన పెడితే మా ప్రొఫెసర్‌కు బాగుంటది" అంది.

నేను డిగ్రీలో స్టాటిస్టిక్స్ చదివినదాన్నే. గంటలో చెప్తా అన్నాను. వారం పట్టింది, ఇప్పటికీ ఒక్క నంబర్ చేతిలో లేదు. ఎందుకు లేదో ఇక్కడ రాసుకుంటున్నా.

ముందు మధ్యగతం ఎందుకు, సగటు ఎందుకు కాదు అనేది తేల్చుకుందాం. ఒక వాడలో ఏడు ఇళ్లు ఉన్నాయనుకోండి. ఏడాది ఆదాయాలు లక్షల్లో 0.9, 1.2, 1.5, 1.8, 2.4, 3, 14. ఆ పద్నాలుగు లక్షల ఇల్లు సింగరేణి ఉద్యోగిదో, ఇద్దరు టీచర్లు ఉన్న ఇల్లో అనుకోండి. సగటు తీస్తే మూడున్నర లక్షల పైన వస్తుంది. ఆ వాడలో ఆరు ఇళ్లకు అంత రాదు. అందరినీ వరుసలో నిలబెట్టి నడుమ ఉన్నవాళ్లను అడిగితే 1.8 లక్షలు అంటారు. అదే నడిమి ఇల్లు. నాకు కావలసింది ఆ ఇల్లు. అయితే మన దగ్గర అచ్చయ్యే నంబర్లు దాదాపు అన్నీ సగటులే, అదే మొదటి చిక్కు.

మేనకోడలు పని అంత తేలికగా ఎట్లా అయ్యిందంటే, అమెరికాలో 2000 జనాభా లెక్కల దాకా ఆరిళ్లలో ఒక ఇంటికి సుమారుగా పొడుగు ఫారం ఇచ్చి ఆదాయం కూడా అడిగేవాళ్లు. 2005 నుంచి అమెరికన్ కమ్యూనిటీ సర్వే అని ప్రతి ఏడూ నడుస్తుంది. జీతం, సొంత వ్యాపారం, వడ్డీ, కిరాయిలు, పెన్షన్, ప్రభుత్వ సాయం, ఇట్లా ఎనిమిది రకాలుగా విడగొట్టి, పోయిన పన్నెండు నెలలకు ఎంత వచ్చిందని అడుగుతారు. 65 వేలు, అంతకన్నా ఎక్కువ జనం ఉన్నచోట ఏటా నంబర్ ఇస్తారు. పల్లె కౌంటీల్లో అంత జనం ఉండరు కాబట్టి ఐదేళ్ల జవాబులు కలిపి ఒక నంబర్ ఇస్తారు. ఇది కాక ఆదాయపు పన్ను రిటర్నులు, ఆహార సాయం తీసుకునేవాళ్ల లెక్క, సర్వే మూడూ కలిపి మోడల్ వేసి ప్రతి కౌంటీకి ఏటా అంచనా ఇచ్చే కార్యక్రమం ఇంకొకటి ఉంది.

అట్లాగని అక్కడ అంతా పక్కాగా ఉందనుకోవద్దు. టెక్సస్‌లోనే లవింగ్ కౌంటీ అని ఒకటి ఉంది, 2020 లెక్కల్లో అక్కడ ఉన్నది మొత్తం 64 మంది. మా వాడలో అంతకన్నా ఎక్కువ మంది ఉంటారు. అలాంటిచోట ఐదేళ్లవి కలిపినా నాలుగైదు ఇళ్లు అటూ ఇటూ అయితే మధ్యగతం ఎగిరి పడుతుంది. అందుకే వాళ్లు ప్రతి నంబర్ పక్కన ఇంత అటూ ఇటూ కావచ్చని తప్పు హద్దు కూడా అచ్చేస్తారు. మా పిల్ల గ్రాఫ్‌లో ఆ హద్దులు తీసేసి సన్నగా ఒక గీత గీసింది. ఇంకో తప్పు కూడా చేసింది, 2015 నుంచి 2019 దాకా కలిపిన నంబర్‌ను, 2016 నుంచి 2020 దాకా కలిపిన నంబర్‌ను పక్కపక్కన పెట్టి ఏడాదిలో ఇంత పెరిగిందని రాసింది. ఆ రెండింట్లో నాలుగేళ్లు ఉమ్మడివే కదా, ఏడాది మార్పు ఎక్కడిది? 2010–2014ను, 2015–2019ను పెట్టి చూసుకో అని చెప్పా. కొంచెం ముఖం మాడ్చుకుంది గానీ మార్చింది.

ఇక మనది.

మన జనాభా లెక్కల్లో ఆదాయం అడగరు. ఇంటి పైకప్పు ఏంది, టీవీ ఉందా, బండి ఉందా అని అడుగుతారు గానీ ఎంత సంపాదిస్తారని అడగరు. పైగా 2011 తర్వాత లెక్కలే జరగలేదు, వచ్చేవి 2027కు. 2011లో వేరుగా చేసిన సామాజిక ఆర్థిక కుల గణనలో మాత్రం ఆదాయం గురించి ఒక ప్రశ్న ఉంది. అది కూడా ఇంటి ఆదాయం కాదు, ఇంట్లో అందరికన్నా ఎక్కువ సంపాదించే మనిషికి నెలకు ఎంత వస్తుందని. మూడు గడులు: ఐదు వేల లోపు, ఐదు నుంచి పది, పది పైన. దేశం మొత్తం పల్లెల్లో నూటికి 74.49 ఇళ్లు మొదటి గడిలో పడ్డాయి. అంటే నడిమి ఇల్లు ఆ గడిలోనే ఎక్కడో ఉంది, సున్నాకూ ఐదు వేలకూ మధ్య. కాలేజీలో నేర్పిన సూత్రం వేస్తే 3,356 అని వస్తుంది. చూడ్డానికి భలే కచ్చితంగా ఉంటుంది. ఆ గడిలోని ఇళ్లన్నీ సున్నా నుంచి ఐదు వేల దాకా సమానంగా పరుచుకుని ఉన్నాయని మనం అనుకోవడం వల్ల వచ్చిన నంబర్ అది, అంతకుమించి అందులో ఏమీ లేదు. అమెరికా వాళ్ల పట్టికలో పదహారు గడులు ఉంటాయి, కాబట్టి నడిమి ఇల్లు పడిన గడి ఇరుకుగా ఉంటుంది, సూత్రం అంతగా మోసం చేయదు.

తర్వాత జిల్లా తలసరి ఆదాయం ఉంది కదా అన్నాడు మా తమ్ముడు. రాష్ట్రం ఏటా అచ్చేస్తుంది, నిజమే. కానీ అది జిల్లాలో తయారైన వస్తువుల, సేవల విలువను జనంతో భాగించిన లెక్క. మా పక్కన భూపాలపల్లి జిల్లా చూడండి. బొగ్గు గనులు ఉన్నాయి, చెల్పూరు దగ్గర కరెంటు ప్లాంటు ఉంది. ఆ బొగ్గు విలువ, కరెంటు విలువ అంతా ఆ జిల్లా ఖాతాలోనే పడుతుంది. మహదేవపూర్ వైపు అడవి అంచున పోడు చేసుకునే ఇంటికీ దానికీ ఏం సంబంధం? తలసరి పెరిగిందంటే ఆ ఏడు బొగ్గు ఎక్కువ తవ్వారని కూడా కావచ్చు.

పోనీ సర్వేలు. కేంద్ర గణాంక శాఖ వాళ్ల వ్యవసాయ కుటుంబాల సర్వేలో తెలంగాణ రైతు ఇంటికి నెలకు సగటు ఆదాయం 2012–13లో 6,311, 2018–19లో 9,403. నాబార్డ్ సర్వేలో దేశం మొత్తం పల్లె ఇళ్లకు 2016–17లో 8,059, 2021–22లో 12,698. ఇవన్నీ సగటులు, ఇవన్నీ రాష్ట్రానికో దేశానికో. మండలానికి ఏదీ దిగిరాదు, ఎందుకంటే ఒక మండలంలో వాళ్లకు దొరికే శాంపిల్ ఒకటి రెండు ఊళ్లు, అదీ పడితే. నేషనల్ కౌన్సిల్ ఆఫ్ అప్లైడ్ ఎకనామిక్ రీసెర్చ్ వాళ్లు, మేరీలాండ్ యూనివర్సిటీ వాళ్లు కలిసి 2004–05లో 41 వేల పైచిలుకు ఇళ్లు తిరిగి చేసిన సర్వే ఒక్కటే నాకు నచ్చింది, యాభైకి పైగా ఆదాయ మార్గాలు విడివిడిగా అడిగారు, మధ్యగతం కూడా ఇచ్చారు. ఏడాదికి దేశ సగటు సుమారు 48 వేలు, మధ్యగతం సుమారు 28 వేలు. సగటుకూ నడిమి ఇంటికీ ఎంత దూరమో చూశారా. 2011–12లో మళ్లీ అవే ఇళ్లకు పోయారు. అదీ పద్ధతి. కానీ అది కూడా పరకాల గురించి చెప్పదు.

ఒక మాట గమనించండి. 2022–23 వినియోగ వ్యయ సర్వేలో తెలంగాణ పల్లెల్లో ఒక మనిషికి నెలకు సగటు ఖర్చు 4,802 వచ్చింది. నలుగురున్న ఇంటికి 19,208. ఆదాయమేమో నాలుగేళ్ల ముందు 9,403. నాలుగేళ్లలో ధరలు ఎంత పెరిగినా ఇది కుదరదు. ఆ సర్వే రైతు ఇళ్లది, ఈ సర్వే అందరిదీ, అది వేరే సంగతి, అయినా అంత తేడానా? ఇది కొత్త సంగతేం కాదు. 1983–84లో ఆదాయం అడిగే సర్వేను ప్రయోగంగా చేసి చూస్తే, జనం చెప్పిన ఆదాయం కన్నా వాళ్ల ఖర్చూ పొదుపూ కలిపితేనే ఎక్కువ వచ్చిందట. దాంతో ఆ పని వదిలేశారు. 2026లో దేశవ్యాప్తంగా ఇంటి ఆదాయం సర్వే పెడతామని 2025లో ప్రకటించారు, ఈసారైనా ఎట్లా అడుగుతారో చూడాలి.

జనం అబద్ధం చెప్తారు కాబట్టే ఇట్లా అనేది పై నుంచి చూసేవాళ్ల మాట. నా కౌంటర్ ముందు కూర్చుని చూస్తే సంగతి వేరు.

బీసీ పిల్లల స్కాలర్‌షిప్ ఫారంలో పల్లె వాళ్లకు హద్దు లక్షన్నర. రేషన్ కార్డుకూ అదే లక్షన్నర. "ఎంత రాయాలమ్మా?" అంటే జనం నన్నే ఎదురు అడుగుతారు, "ఎంత దాకా రాయొచ్చు?" అని. నలభై ఎనిమిది వేలు, అరవై వేలు, తొంభై ఆరు వేలు, లక్షా ఇరవై, ఇవే నంబర్లు తిరుగుతుంటాయి. లక్షా అరవై రెండు వేలు అని నేను రాసిన ఫారం ఒక్కటి గుర్తు లేదు. అదే ఇంటాయన నెల తర్వాత ట్రాక్టర్ లోనుకు వస్తాడు. అప్పుడు నాలుగు లక్షల ఇరవై వేలు. ఒకే ఇంటికి రెండు ఆదాయాలు, రెండూ నా కీబోర్డు మీదే టైపయ్యాయి. ఎవరైనా ఈ ఫారాలన్నీ కుప్పపోసి మధ్యగతం తీస్తే వచ్చేది ఇంటి ఆదాయం కాదు, ఆ ఏడు ఆ పథకానికి పెట్టిన హద్దు. హద్దు పెంచిన ఏడు మండలమంతా ఒక్కసారిగా బాగుపడినట్టు కనబడుతుంది.

మరి అసలు ఆదాయం ఎంత అని అడిగితే? మా పెద్దమ్మను అడిగా, ఆమెకేం దాపరికం లేదు నా దగ్గర. "ఎంతొస్తదో ఏం చెప్పాలె బిడ్డా, వచ్చినకాడికి సేటుకు పోతది, మిగిలినకాడికి మిత్తికి పోతది" అంది. ఆమె దృష్టిలో ఆదాయం అంటే చేతిలో మిగిలింది. మిగలలేదు కాబట్టి ఆదాయం లేదు. ఇది అబద్ధం ఎట్లా అవుతుంది? అప్పు కట్టడం ఆదాయంలోంచి తీసేది కాదని ఆమెకు నేను చెప్పాలి, ముందు అడిగే ప్రశ్న మార్చుకోవాలి.

మా అన్న వాళ్ల మూడెకరాల పత్తి లెక్క చెప్తా. ఎకరానికి ఎనిమిది క్వింటాళ్లు పడిన ఏడు 24 క్వింటాళ్లు, ఏడు వేల చొప్పున 1,68,000. విత్తనాలు, మందు బస్తాలు, పురుగు మందు, దున్నుడు, కలుపు, ఏరుడు కూలి కలిపి ఎకరానికి 35 వేల దాకా, అంటే 1,05,000. మిగిలింది 63 వేలు. ఆ తర్వాతి ఏడు గులాబీ పురుగు పడి, ఏరే టైముకు వాన కొట్టి ఎకరానికి ఐదే వచ్చాయి. 15 క్వింటాళ్లు, 1,05,000. మిగిలింది సున్నా. అదే ఇల్లు, అదే భూమి, అదే మనుషులు. మొదటి ఏడు సర్వే మనిషి వస్తే ఒక ఇల్లు, రెండో ఏడు వస్తే ఇంకో ఇల్లు. ఇందులో వదినా అన్నా పొలంలో చేసిన సొంత కష్టానికి కూలి లెక్కగట్టలేదు. కడితే? ప్రభుత్వ సర్వేలోనే ఈ తేడా తెలుస్తుంది: 2018–19లో దేశ సగటు 10,218 అన్నది చేతి నుంచి పెట్టిన ఖర్చు మాత్రమే తీసేస్తే, సొంత కష్టం లాంటివి కూడా లెక్కగట్టి తీసేస్తే 8,337. పేపర్లో పెద్దక్షరాలతో వచ్చింది మొదటిదే.

ఇంకోటి, ఆ 10,218లో కూలి, జీతాల వాటా 4,063, పంట వాటా 3,798. అంటే మనం రైతు ఇల్లు అంటున్న ఇంట్లో కూడా పంట కన్నా కూలీదే పైచేయి. పాడి, పశువులది 1,582, చిన్న వ్యాపారం 641, భూమి కౌలుకు ఇస్తే వచ్చేది 134. అంతే, ఐదు పద్దులు. అత్తగారి పింఛను, దుబాయ్ నుంచి కొడుకు వేసే డబ్బులు, ఈ ఐదింటిలో ఎక్కడా పద్దుగా కనబడవు. జగిత్యాల, సిరిసిల్ల వైపు ఊళ్లలో ఆ రెండూ తీసేసి ఇంటి ఆదాయం చెప్తే నవ్విపోతారు. అక్కడ స్లాబు ఇల్లు కట్టింది గల్ఫ్ డబ్బు, నెలనెలా నడిపింది బీడీలు.

అందుకని అడగడం మానేసి ఇంటిని కట్టుకుంటూ పోవడం మొదలుపెట్టా. మా దగ్గర నడిమి ఇల్లు అంటే నా కళ్ల ముందు కనబడేది: భార్యాభర్తలు, చదువుకునే పిల్ల, అత్తమ్మ. రెండెకరాల పత్తి. పంటలో మిగిలేది మంచీ చెడూ కలిపి ఏడాదికి 40 వేలు. ఆమె కైకిలికి పోయేది 120 రోజులు, 400 చొప్పున 48 వేలు. ఆయన 130 రోజులు, 600 చొప్పున 78 వేలు, హమాలీకో సెంట్రింగ్‌కో పోతాడు. అత్తమ్మ పింఛను నెలకు 2,016, ఏడాదికి 24,192. రైతు భరోసా ఎకరానికి 12 వేలు, రెండెకరాలకు 24 వేలు. మొత్తం 2,14,192. నెలకు 17,850 దాకా. ఇది సర్వే కాదు, నా అంచనా, ఈ రోజుల సంఖ్య మీద ఎవరైనా కొట్లాడొచ్చు. కానీ చూడండి, ఖర్చు సర్వే చెప్పిన 19 వేలకు ఇది దగ్గరికి వచ్చింది. ఇదే ఇంటి పిల్ల స్కాలర్‌షిప్ ఫారంలో 96 వేలు అని ఉంటుంది.

రేషన్ బియ్యం ఇందులో కలపలేదు. మనిషికి ఆరు కిలోలు, 2025 ఉగాది నుంచి సన్న బియ్యం. బజారులో కొంటే ఆ నలుగురికి నెలకు వెయ్యి దాకా అవుతుంది. కలపాలా వద్దా? అమెరికా వాళ్లు ఆహార సాయాన్ని ఆదాయంలో కలపరు, చేతికి వచ్చిన నగదు వరకే లెక్క. నేనూ కలపలేదు, పోల్చడానికి ఒకే తూకం ఉండాలని. కానీ దొడ్డు బియ్యం ఇచ్చిన రోజుల్లో జనం అమ్ముకునేవాళ్లు, అప్పుడు అది నగదే కదా! సరే, అది వదిలేద్దాం, దానికి మళ్లీ ఒక పోస్టు అవుతుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న, కాలంతో ఎట్లా మారింది అనేది. ఇక్కడే నాకు తల తిరిగింది.

మొదట, పరకాల ఎక్కడుంది? నవ్వకండి. 2016 అక్టోబర్ దాకా వరంగల్ జిల్లా. అప్పుడు పది జిల్లాలను 31 చేసినప్పుడు వరంగల్ రూరల్‌లో పడ్డాం. 2021లో హనుమకొండ జిల్లాలోకి వచ్చాం. ఊరు అడుగు కదల్లేదు, చిరునామా రెండుసార్లు మారింది. మధ్యలో మా మండలంలోంచి నడికూడ వేరే మండలంగా విడిపోయింది. పాత వరంగల్ జిల్లా నంబర్ పక్కన ఇప్పటి వరంగల్ జిల్లా నంబర్ పెట్టి గీత గీసేవాళ్లను చూశా, పాతదాంట్లో భూపాలపల్లి, ములుగు, మహబూబాబాద్, జనగామ అన్నీ ఉన్నాయి, ఇప్పటిదాంట్లో లేవు. అదే పేరు, వేరే భూమి. చేస్తే పాత ఊళ్ల జాబితా ముందర పెట్టుకుని, అవే ఊళ్లను రెండుసార్లూ కలుపుకుంటూ పోవాలి.

రెండోది, ఇల్లు. వేరుపడటం. పైన చెప్పిన ఏడిళ్ల వాడనే తీసుకోండి. మూడు లక్షల ఇంట్లో అన్నదమ్ములు వేరుపడ్డారు, ఒకరికి 1.8, ఒకరికి 1.2. ఇప్పుడు ఎనిమిది ఇళ్లు. వరుస పెట్టండి: 0.9, 1.2, 1.2, 1.5, 1.8, 1.8, 2.4, 14. నడుమ రెండు ఇళ్లు 1.5, 1.8, అంటే మధ్యగతం 1.65. ఒక్క రూపాయి ఎవరికీ తగ్గలేదు, నడిమి ఇంటి ఆదాయం మాత్రం పదిహేను వేలు పడిపోయింది. పొయ్యి ఒక్కటే అయినా రేషన్ కార్డులు రెండు ఉండే ఇళ్లు, కార్డు ఒక్కటే అయినా పొయ్యిలు రెండు వెలిగే ఇళ్లు, రెండు రకాలూ మా దగ్గర కొల్లలు. కాబట్టి ఇంటి నంబర్ పక్కన తలకు ఎంత పడుతుందో కూడా రాయాలి, లేకపోతే ఇరవై ఏళ్ల గీతకు అర్థం లేదు.

మూడోది ధరలు. పైసల విలువ మారుతుంది కాబట్టి పాత ఆదాయాన్ని నేటి ధరల్లోకి మార్చాలి, అందరికీ తెలుసు. దేంతో మార్చాలి అనేదే తగువు. వ్యవసాయ కూలీల ధరల సూచిక ఉంది, అది మొన్న 2025లో మార్చేదాకా 1986–87ను వంద అనుకుని నడిచింది, అంటే మా అమ్మ కొత్త పెళ్లికూతురుగా ఉన్ననాటి ఖర్చుల పద్దు. అందులో ఫోన్ రీచార్జ్ ఎక్కడుంటుంది, ఇంగ్లీష్ మీడియం ఫీజు ఎక్కడుంటుంది? నేను ఇంకో విధంగా చూసుకున్నా. 2014–15లో మన రాష్ట్రంలో కరువు పని (ఉపాధి హామీ) కూలి రోజుకు 169, 2025–26లో 307. నూటికి 82 పెరిగింది. పొడుగు పింజ పత్తి మద్దతు ధర అదే కాలంలో 4,050 నుంచి 8,110, రెండింతలు. ఏ-గ్రేడ్ వడ్లు 1,400 నుంచి 2,389, నూటికి 71. పత్తి ఇల్లు, వడ్ల ఇల్లు, కూలి ఇల్లు, మూడూ ఒకే వేగంతో నడవలేదని ఇక్కడే తెలుస్తోంది. మద్దతు ధర అందరికీ దొరకదు అనుకోండి, వరంగల్ ఏనుమాముల మార్కెట్లో తక్‌పట్టీ (తూకం, ధర రాసిచ్చే చీటీ) మీద పడే ధర వేరే ఉంటుంది, తేమ పేరు చెప్పి కోసేది వేరే.

నాలుగోది, అన్నిటికన్నా పెద్దది, పథకాల డబ్బు. నేను కట్టిన ఆ నడిమి ఇంటినే 2013కు తీసుకుపొండి. అత్తమ్మ పింఛను అప్పుడు నెలకు 200, ఏడాదికి 2,400. రైతు భరోసా లేదు, దాని ముందటి రూపం రైతుబంధు 2018 మేలో హుజూరాబాద్‌లో మొదలైంది. అంటే ఆ పద్దు కింద 2,400 వచ్చిన ఇంటికి ఇప్పుడు 48,192 వస్తోంది. 2,14,192లో ఇది నాలుగో వంతుకు దగ్గర. ఈ డబ్బును ఆదాయంలో కలిపితే గీత నిటారుగా లేస్తుంది, కలపకపోతే మెల్లగా పాకుతుంది. రెండు గీతలూ తప్పు కాదు. ఒకటి ఇల్లు ఎట్లా గడుస్తోందో చెప్తుంది, ఇంకోటి ఆ ఇంటివాళ్ల కష్టానికి ఎంత పలుకుతోందో చెప్తుంది. ఎవరైనా "పల్లె ఆదాయం ఇంత పెరిగింది" అంటే నేను ముందు అడిగేది ఇదే, ఏ గీత అని. కౌలు రైతు ఇంటికి మళ్లీ ఇది వర్తించదు, ఎకరానికి వచ్చేది పట్టా ఉన్నాయనకు పోతుంది, ఆయన హైదరాబాద్‌లో ఉన్నా సరే. ఆ పట్టాదారు ఇల్లు మన పల్లె లెక్కలోకి వస్తుందా రాదా? నాకైతే రాకూడదనే అనిపిస్తుంది.

ఇంత చదివాక నాకు గౌరవం పెరిగింది మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వాళ్ల మీద. 1975లో మహబూబ్‌నగర్ జిల్లాలో ఔరేపల్లె, దోకూరు, మహారాష్ట్రలో ఇంకో నాలుగు ఊళ్లు పట్టుకుని, ఊరికి నలభై ఇళ్లు ఎంచుకుని, మనిషిని ఊళ్లోనే ఉంచి, మళ్లీ మళ్లీ అవే గడపలు తొక్కి లెక్క రాశారు. పదేళ్లు నడిచి ఆగిపోయినా 2001 ప్రాంతంలో మళ్లీ అవే ఊళ్లకు పోయారు. ఏడాదికి ఎంతొస్తుంది అని ఒక్కసారి అడగలేదు. ఈ మూడు వారాల్లో ఎన్ని రోజులు కూలికి పోయారు, ఎంత ఇచ్చారు, ఏం అమ్మారు, ఏం కొన్నారు, ఇట్లా. ఉత్తర తెలంగాణలో ఒక్క ఊరికి అట్లాంటి లెక్క యాభై ఏళ్లది ఉంటే ఎంత బాగుండేది అనిపించింది, పత్తి రావడం, మోటర్లు రావడం, గల్ఫ్ బాట, భూముల ధరలు అన్నీ అందులో కనబడేవి.

మేనకోడలికి చివరికి ఏం పంపానంటే, ఒక నంబర్ కాదు, రెండు. పథకాల డబ్బు తీసేస్తే నడిమి ఇంటికి ఏడాదికి ఒకటిన్నర నుంచి రెండు లక్షలు, కలిపితే రెండు నుంచి రెండున్నర, అదీ నా అంచనా అని ఎర్ర అక్షరాల్లో రాసి. వెనకటి ఏళ్లకు గీత గీయకు, గీయడానికి చుక్కలు లేవు అని కూడా చెప్పా. "ఇంత వెడల్పా అత్తమ్మా, మా ప్రొఫెసర్ ఒప్పుకోడు" అంది. మీ లవింగ్ కౌంటీ హద్దులు చూపించు, ఒప్పుకుంటాడు అన్నా.

దాంతో ఊరుకోలేక ఒక నోటుబుక్కు కొన్నా. మా ఊరి పంచాయతీ ఇంటి పన్ను జాబితాలో మొదటి నంబర్ చీటీ తీసి, అక్కడి నుంచి ప్రతి పదిహేనో ఇల్లు. తెలిసినవాళ్ల ఇళ్లకే పోతే మళ్లీ మా చుట్టాల మధ్యగతం వస్తుందని. ఆదాయం అనే మాట ఎత్తడం లేదు. పోయిన వానకాలం పత్తి ఎన్ని క్వింటాళ్లు, తక్‌పట్టీ ఉందా, ఏరుడుకు కిలోకు ఎంత ఇచ్చారు, దసరా నుంచి సంక్రాంతి దాకా ఇంట్లో ఎవరెవరు ఎన్ని రోజులు పనికి పోయారు, బర్రె పాలు ఎవరికి పోస్తున్నారు. ఒక్కో ఇంటికి ముప్పావు గంట, మధ్యలో చాయ్. నా షాపులో 60 వేలు అని ఫారం నింపించుకున్న ఒకాయన ఇంట్లో కూర్చుని కూడితే రెండు లక్షల ముప్పై వచ్చింది. ఆయన కాసేపు కాగితం చూసి, "గింత వస్తే మరి యేడవాయె?" అన్నాడు. నిజంగానే అడిగాడు. ఇద్దరం కూర్చుని ఖర్చులు రాయడం మొదలుపెట్టాం, పొద్దుపోయింది.

ఇప్పటికి ఆరు ఇళ్లు అయ్యాయి. ఏడో ఇంటికి రెండుసార్లు పోయా, తాళం. ములుగు దిక్కు మిర్చి ఏరను పోయారట, ఉగాది దాకా రారట.